సీసం పొయ్యి

నేను మాచర్లకు కోడలిగా వచ్చేనాటికి సాగర్ ఆనకట్ట పని ముమ్మరంగా సాగుతోంది. రాళ్ల లారీలు, సిమెంటు లారీలు పొద్దంతా మా వీధి చివరి రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయేవి. మా ఆయన ఆ లారీల్లో ఒకదానికి డ్రైవరు. వారానికో, పదిరోజులకో ఇంటికి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో ఉండేది నేను, మా బావగారు, ఆయన భార్య. ఆమెను నేను అక్కా అనేదాన్ని. తోడికోడలిని అలా పిలవడం మామూలే. కానీ నాకు సొంత అక్క లేదు, ఆమెకు చెల్లెలు లేదు. అందుకని ఆ పిలుపు మా ఇద్దరి మధ్యా ఒట్టి వరసగా మిగిలిపోలేదు.

బావగారికి బస్టాండు పక్కన బ్యాటరీలు చార్జింగు చేసే షాపు ఉండేది. లారీల బ్యాటరీలు, జీపుల బ్యాటరీలు అక్కడికే వచ్చేవి. కరెంటు రాని ఊళ్లలో పంచాయతీ రేడియోలు కూడా బ్యాటరీల మీదే పాడేవి. గురజాల వైపు నుంచి, మాచవరం వైపు నుంచి బస్సుల టాపు మీద గోనెపట్టా చుట్టి వాటిని పంపేవారు. చార్జింగు చేసి మళ్లీ బస్సు ఎక్కించేవారు. బావగారి చొక్కాలన్నిటికీ యాసిడ్ పడి చిల్లులే. అక్క వాటికి మాసికలు వేసీ వేసీ విసుగొచ్చి, చివరికి గోనెగుడ్డతో ఒక ముందు తొడుగు కుట్టి ఇచ్చింది. పది రోజుల్లో దానికీ చిల్లులు పడ్డాయి.

ఆయన మితభాషి. తమ్ముడి భార్యనని నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. "అమ్మాయిని అన్నం తినమను" అని అక్కతో అనేవారు, నేను పక్కనే ఉన్నా. ఆ మనిషికి ఉన్న సరదా ఒక్కటే, నమూనాలు చేయడం. షాపులో పని లేనప్పుడు చెక్కముక్కలు, రేకుముక్కలు, పాత తీగలు ముందేసుకుని కూర్చునేవారు. నేను వచ్చిన మొదటి ఏడు క్రిస్మస్‌కి మేం గుడి అని పిలుచుకునే చర్చి ఆవరణలో ఆనకట్ట నమూనా పెట్టారు. మట్టితో కొండలు, చెక్కతో గోడ, వెనక రేకు తొట్టిలో నీళ్లు. గోడ మీద చిన్న క్రేను. జీపు అద్దం తుడిచే మోటారు ఒకటి ఎవరో పారేస్తే తెచ్చి, దాన్ని బ్యాటరీకి కలిపి, ఆ క్రేను గులకరాళ్లను ఎత్తి అవతల పెట్టేలా చేశారు. గోడ పొడుగునా టార్చిలైటు బల్బులు. నిజం ఆనకట్ట మీద పనిచేసే మేస్త్రీలు కూడా వచ్చి చూసి వెళ్లారు. దాని పక్కనే పశువుల పాక, అందులో బాలయేసు, చుట్టూ గొర్రెపిల్లలు.

ఆ గొర్రెపిల్లలను చేసింది అక్క. ఆనకట్ట మీద తట్టలు మోసే ఆడకూలీలను, సమ్మెట ఎత్తిన మనుషులను చేసింది కూడా ఆమే. అన్నీ సీసం బొమ్మలు.

సీసం ఎక్కడిదంటే, పాత బ్యాటరీలలోదే. ఇక చార్జింగు ఎక్కని బ్యాటరీలను సొంతదార్లు షాపులోనే వదిలేసి పోయేవారు. బావగారు వాటిని బండి మీద ఇంటికి తెచ్చేవారు. పెరట్లో గొడ్డలితో పెట్టె పగలగొట్టి, లోపలి యాసిడ్ కంచె మొదట్లో పారబోసి, సీసం పలకలు బయటికి తీసేవారు. ఆ పలకలను అక్క ఎండలో ఆరబెట్టి, ఇనప మూకుడులో వేసి, బొగ్గుల పొయ్యి మీద కరిగించేది. కరిగాక పైన బూడిదలాంటి తెట్టు తేలేది. గరిటెతో ఆ తెట్టు తీసి పక్కన పోస్తే కింద సీసం అద్దంలా మెరిసేది. కృష్ణలో వేటకు పోయేవాళ్లు వలలకు కట్టుకునే సీసపు గుళ్ల కోసం మా ఇంటికి వచ్చేవారు. ముందు ఆ గుళ్లు పోయడమే అక్క పని. మిగిలిన సీసంతో, మట్టి అచ్చుల్లో, తన సరదాకి ఆ బొమ్మలు పోసేది.

ఆ పని ఆమెకు ఎంత ఇష్టమో! కరిగిన సీసాన్ని అచ్చులోకి వంచేటప్పుడు ఊపిరి బిగబట్టేది. చల్లారాక మట్టి విదిలించి, బొమ్మను వేళ్లతో రుద్ది, చెవులు, కాళ్లు సరిగా వచ్చాయో లేదో చూసేది. వంకర వస్తే మళ్లీ మూకుట్లో వేసేది. ఆ చేత్తోనే చెంగులో కట్టుకున్న వేరుశనగపప్పు నోట్లో వేసుకునేది.

"ఇదేంది అక్కా, ఈ పొగ పీల్చినప్పుడల్లా నోరు తియ్యగా అయితంది?" అని నేనొకసారి అడిగాను.

"నాకూ అంతేనే. బెల్లం తిన్నట్టుంటది" అని నవ్వింది. "నీకు దగ్గు పట్టుద్ది, నువ్వు ఇటు రామాక. లోపల కూర చూసుకో."

నాకు పొగ పడేది కాదు. అందుకని వంటిల్లు నాది, పెరడు ఆమెది అయింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ చిన్న పంపకమే నన్నూ నా బిడ్డనూ కాపాడింది. అప్పుడు మాకేం తెలుసు?

ముందుగా కోళ్లు చచ్చిపోయాయి. పెరట్లో తిరిగే కోళ్లు మెడలు వాల్చేసి, రెక్కలు ఈడ్చుకుంటూ, ఒకదాని వెనక ఒకటి పోయాయి. కోళ్ల తెగులన్నారు అందరూ. కంచె మొదట్లో ఉన్న గోరింట చెట్టు ఎండిపోయింది. ఎండాకాలం అనుకున్నాం.

అక్కకు పెళ్లయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కడుపు నిలిచేది, మూడో నెలలోనో నాలుగో నెలలోనో పోయేది. అలా ఎన్నిసార్లు పోయిందో నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. గుడికి వచ్చే ఆడవాళ్లు ఆమె కోసం ప్రార్థన చేసేవారు. కొందరు ప్రార్థన అయ్యాక గుమ్మం దాటి వేరేగా మాట్లాడేవారు. ఆ మాటలు ఆమె చెవిన పడేవి. ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, మూకుడు ముందు కూర్చునేది.

నాకు నెల తప్పిన సంగతి మొదట ఆమెకే చెప్పాను, భయపడుతూ. ఆమె నన్ను కావలించుకుని బాగా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "ఇయ్యాళ్టి నుంచి బిందె నువ్వెత్తమాక, నేనెత్తుతా" అంది.

ఎత్తలేకపోయింది. ఆ వారమే మొదలైంది. అంతకుముందు నుంచే ఆమెకు కడుపునొప్పి వచ్చిపోతుండేది. మెలిపెట్టినట్టు వచ్చి, గుడ్డ పిండినట్టు పేగులు పిండేసి, కాసేపటికి తగ్గేది. వాము నీళ్లు తాగి పడుకునేది. మొహం పాలిపోయింది. ఇప్పుడు చెయ్యి కూడా పట్టు తప్పింది. చేద తాడు లాగుతుంటే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. చేద బావిలో పడింది. ఆమె ఆ చేతిని కళ్ల ముందుకు తెచ్చుకుని, ఎవరిదో చూస్తున్నట్టు చూసింది. పైకెత్తమంటే వేళ్లు లేవడం లేదు.

"తిమ్మిరెక్కిందేమోలే" అంది.

వారం గడిచినా తిమ్మిరి దిగలేదు. కూర కలపబోతే గరిటె జారిపోయేది. జడ వేసుకోలేకపోతే నేనే వేశాను. అప్పుడు ఆమె అద్దంలో చూసుకుంటూ పెదవి పైకెత్తి, "ఏమే, నా పళ్ల చిగుళ్ల మీద ఈ నల్లగీత ఏంది? ఎంత తోమినా పోటల్లా" అంది. నిజమే. పళ్లు చిగుళ్లలో కలిసే చోట సన్నగా, సిరాతో గీసినట్టు ఒక గీత.

ఊళ్లో వైద్యుడు పక్షవాతం అన్నాడు. తైలం ఇచ్చాడు. తైలంతో ఏమీ కాలేదు. చివరికి బావగారు షాపు మూసి, మమ్మల్నిద్దరినీ రైలెక్కించి గుంటూరు తీసుకెళ్లారు. నన్నూ చూపించుకోమని అక్క పట్టుబట్టింది. కడుపుతో ఉన్నదాన్ని కదా అని.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి. అక్క రెండు చేతులూ ముందుకు చాపమంది. ఎడమచెయ్యి కాస్త నిలబడింది, కుడిది వాలిపోయింది. నోరు తెరవమంది. చిగుళ్లు చూసి, దీపం దగ్గరగా తెప్పించి మళ్లీ చూసింది. స్టూలు జరుపుకుని కూర్చుని, "ఇంట్లో నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"వంట, ఇల్లు..." అంది అక్క.

"అది కాదు. ఇంకేమైనా? సీసంతో ఏమైనా పని ఉందా?"

అక్క మొహం వెలిగింది. ఆసుపత్రిలో తన పనితనం గురించి అడుగుతారని ఆమె అనుకోలేదు. "ఉందమ్మా. నేను సీసం పోస్తా. వల గుళ్లు పోస్తా. గొర్రెపిల్లల్ని కూడా పోస్తా. మా గుళ్లో అందరికీ తెలుసు" అని, మూకుడు సంగతి, అచ్చుల సంగతి, తెట్టు ఎలా తీస్తుందో అంతా చెప్పింది. డాక్టరమ్మ ఆపకుండా విన్నది. ఎన్నేళ్ల నుంచి అని మాత్రం అడిగింది.

"పెళ్లయి వచ్చిన కాణ్ణించి."

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది. పాత బ్యాటరీ పలకల్లో ఉండేది విషం. కరిగించినప్పుడు పొగతో పాటు లోపలికి పోతుంది. పలకల బూడిద చేతులకు అంటుకుని అన్నంతో పాటు కడుపులోకి పోతుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. ఎముకల్లో కొంచెం కొంచెంగా చేరి కూర్చుంటుంది. కడుపునొప్పి అదే, చెయ్యి వాలిపోవడం అదే, చిగుళ్ల మీద గీత దాని గుర్తే. ఇంజెక్షన్లు ఇస్తాను, కొంత బయటికి పోతుంది, అంతా పోతుందని చెప్పలేను, అంది.

అక్క తన కుడిచేతి వైపు చూసుకుంది. తర్వాత, పక్కనున్న నాకే సరిగా వినపడనంత మెల్లగా, "అయితే నా కడుపులు?" అంది.

డాక్టరమ్మకు వినపడింది. వంగి అక్క వాలిన చేతిని పట్టుకుంది. "ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ సీసం ఒంట్లో ఉంటే కడుపు నిలవదు. అదే కారణం అయి ఉండొచ్చు."

బావగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన మొహం వైపు చూడలేక నేను గోడ వైపు చూశాను. కాసేపటికి చూస్తే ఆయన లేరు. వరండాలో నేల మీద, గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఆ బ్యాటరీలు ఇంటికి తెచ్చింది ఆయన. పెళ్లయిన కొత్తలో, ఒంటరిగా తోచడం లేదంటే, ఆ పని నేర్పిందీ ఆయనే.

నా రక్తం కూడా తీసుకున్నారు. నాలో కొంచెమే ఉందని, బిడ్డకు భయం లేదని, కానీ కాన్పు అయ్యేదాకా ఆ ఇంట్లో ఉండకపోవడమే మంచిదని చెప్పారు.

ఇంజెక్షన్లు అయ్యాక అక్కను ఇంటికి తెచ్చాం. వచ్చిన రోజే ఆమె చేసిన మొదటి పని, గుడి పిల్లల ఇళ్లకు బయల్దేరడం. క్రిస్మస్ అయిపోగానే గొర్రెపిల్లలను పిల్లలకు పంచిపెట్టడం ఆమె అలవాటు. పిల్లలు వాటిని జేబుల్లో వేసుకుని తిరిగేవారు, చిన్నవాళ్లు నోట్లో పెట్టుకునేవారు. నేను తోడు వెళ్లాను. గడప గడపకూ వెళ్లి, "అమ్మా, నేనిచ్చిన గొర్రెపిల్లలు తిరిగి ఇచ్చెయ్యండి, వాటిల్లో విషం ఉందంట" అని అడిగింది. కొందరు భయపడి వెంటనే ఇచ్చేశారు. ఒకావిడ, ఇచ్చిన బొమ్మ తిరిగి అడుగుతారా ఎవరైనా అని మూతి తిప్పింది. ఒక ఇంట్లో చిన్నపిల్ల గొర్రెపిల్లను గుప్పిట్లో బిగించి వెనక్కి దాచుకుంది. అక్క ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుంది.

"నీకు చెక్క గొర్రె చేపిస్తానే. ఇంతకన్నా పెద్దది. బొచ్చు కూడా అంటిస్తా. ఇది నాకియ్యి తల్లీ."

"ఇది నువ్వే కదా ఇచ్చావు?" అంది ఆ పిల్ల.

"నేనే ఇచ్చా. నాకు తెలవక ఇచ్చా" అంటూ ఎడమచెయ్యి చాపింది. పిల్ల బొమ్మ ఇచ్చి, ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. అక్క లేవలేకపోతే నేను లేపాను. దారి పొడుగునా చెంగులో గొర్రెపిల్లలు ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేశాయి.

ఆ మర్నాడు పొద్దున నా పెట్టె సర్ది గుమ్మంలో పెట్టి ఉంది. సర్దించింది అక్క.

"ఇదేంది?" అన్నాను.

"మీ అమ్మ కాడికి ఎల్లు. బస్సుకి టైమయింది."

"నిన్నిట్టా వదిలేసి నేనెట్టా పోను అక్కా? నీకు జడెవరేస్తారు, అన్నమెవరు వండుతారు?"

"అయ్యన్నీ నీకెందుకు? ఎల్లమంటే ఎల్లవేంది?" గొంతు పెంచింది. ఆమె నా మీద అరవడం అదే మొదటిసారి. నేను కదలకపోయేసరికి, "చూడు, ఈ నేల్లో ఉంది, ఈ గోడల్లో ఉంది, నా కోకల్లో ఉంది. నాకు పోయినయ్యి చాలు. నీదన్నా దక్కనియ్యి" అంది.

నేను చెప్పులు తొడుక్కున్నాను. పెట్టె బావగారు మోశారు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు. "ఇల్లంతా శుభ్రం చేయించాక నేనే కబురు పెడతానమ్మా. అప్పటిదాకా రావద్దు."

మా అమ్మగారిల్లు వినుకొండలో. అక్కడే నాకు ఆడపిల్ల పుట్టింది. మా ఆయన వచ్చినప్పుడల్లా ఇంటి సంగతులు చెప్పేవారు. బావగారు మూకుడు, అచ్చులు, గొర్రెపిల్లలు, కరిగించని పలకలు అన్నీ మూతలున్న డబ్బాల్లో పెట్టి, పాత బ్యాటరీలు కొనే గుంటూరు వర్తకుడికి పంపించేశారట. పెరట్లో పైమట్టి అంతా తవ్వించారట. తవ్వాక ఆ మట్టి ఎక్కడ పోయాలో తెలియలేదు. వాగులో పోస్తే గొడ్లు తాగుతాయి. చేలో పోస్తే ఎవరో పండించుకుంటారు. కూలీలు తట్టలు పట్టుకుని నిలబడితే, ఆయన ఎటూ చెప్పలేక అక్కడే కూర్చుండిపోయారట. చివరికి పెరటి మూలన గొయ్యి తీసి, అడుగున, చుట్టూ నాపరాళ్లు పేర్చి, సందుల్లో సిమెంటు పూసి, మట్టి అందులో నింపి, పైన మళ్లీ నాపరాళ్లు మూసి సిమెంటు చేశారు. యాసిడ్ పోసిన చోటల్లా సున్నం కొట్టించారు. ఇంటికి కూడా లోపలా బయటా సున్నం.

పాపకు నవ్వు తెలిసే వయసు వచ్చాక కబురు వచ్చింది. వెళ్లాను. అక్క వీధిలోకి ఎదురొచ్చింది. ఎండిపోయి, కళ్లు లోపలికి పోయి, నేను వదిలి వెళ్లిన మనిషి కాదు. పాపను చూసి చేతులు చాపబోయి, వెనక్కి తీసుకుంది.

"నేనెత్తుకోలేను. జారవిడుస్తా" అంది.

నేను ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, పాపను ఒళ్లో పడుకోబెట్టాను. వాలిన చేతులు రెండూ పాపకు అటూ ఇటూ దిండ్లలా పెట్టాను. పాప ఆమె మొహంలోకి చూస్తూ పడుకుంది. అక్క కదల్లేదు. కాసేపటికి బావగారు షాపు నుంచి అన్నానికి వచ్చారు. గుమ్మంలో ఆగి, వాళ్లిద్దరినీ చూసి, మళ్లీ రోడ్డు మీదికి వెళ్లిపోయారు. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

అక్క ఎడమచెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. కుడిది సగమే వచ్చింది. గరిటె పట్టుకునేది, బిందె ఎత్తలేకపోయేది. నా కూతురిని నడిపించింది, మాటలు నేర్పింది, ఆ పిల్ల నన్ను కాదని ఆమె పక్కనే పడుకునేది. ఆ ఇంట్లో అన్నానికి ముందు చేతులు సబ్బుతో రుద్దుకోనిదే ఎవరికీ కంచం పెట్టేది కాదు, వచ్చినవాడు పెద్దపాస్టరుగారైనా సరే. అయినా ఆమె ఒంట్లో చేరినదంతా పోలేదు. కొన్నేళ్లకు కాళ్లకు నీరు పట్టింది. మొహం ఉబ్బింది. మళ్లీ గుంటూరు వెళితే మూత్రపిండాలు పాడైపోయాయన్నారు. అదీ సీసం వల్లేనన్నారు. రెండు నెలలు మంచంలో ఉంది. పోయేముందు రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, తన కోకల్లో పాతవి ఎవరికీ ఇవ్వవద్దని, కాల్చనూ వద్దని, తనతోనే మట్టిలో పెట్టమని చెప్పింది. అలాగే చేశాం.

బావగారు నమూనాలు చేయడం ఎప్పుడో మానేశారు. షాపు మాత్రం నడిపారు. చార్జింగు చేసే గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించారు. అక్కడ ఎవరినీ బీడీ వెలిగించనిచ్చేవారు కాదు. యాసిడ్ కలపాలంటే నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్లో నీళ్లు పోయకూడదని, చిందితే కళ్లు పోతాయని, రేడియో బ్యాటరీ తెచ్చిన ప్రతి మనిషికీ విసుగు లేకుండా చెప్పేవారు. పాడైన బ్యాటరీలను పగలగొట్టకుండా, నిలబెట్టినవి నిలబెట్టినట్టే గుంటూరు పంపేవారు.

అక్కను మట్టిచేసిన కొన్నాళ్లకు నేను షాపుకి క్యారియరు తీసుకెళ్లాను. ఒక రైతు నిలబడి ఉన్నాడు. చచ్చిన బ్యాటరీ తనకిమ్మని అడుగుతున్నాడు. పలకలు కరిగించి వల గుళ్లు పోసుకుంటాడట.

"ఎవరు పోస్తారు?" అన్నారు బావగారు.

"మా ఇంటిది పోస్తది. పొయ్యి మీదే కదా."

బావగారు చేతిలో ఉన్న పని కింద పెట్టారు. అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పారు. కోళ్ల సంగతి, కడుపునొప్పి, చెయ్యి, పోయిన కడుపులు, అన్నీ. ఆ మితభాషి అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అతను మధ్యలో ఒకసారి, "ఆమె ఎవరండీ?" అని అడిగాడు.

"మా ఇంటిదే" అన్నారు బావగారు.

అతను బ్యాటరీ వైపు చూడకుండా లేచి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. బావగారు తొట్టి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు పెట్టి, చాలాసేపు చేతులు కడుక్కున్నారు. వచ్చి కూర్చున్నాక నేను క్యారియరు విప్పి అన్నం పెట్టాను.